పలాస జీడిపప్పు పేరుతో హైవే దుకాణాల్లో కొనేవారు జాగ్రత్త

దర్శనానికో, చుట్టపుచూపుకో శ్రీకాకుళం జిల్లాకు వచ్చి, తిరుగు ప్రయాణంలో పలాస జీడిపప్పు పట్టుకెళ్లాలనుకునే వారందరూ దయచేసి ఇది చదవండి. జాతీయ రహదారి 16 పక్కన ‘పలాస జీడిపప్పు’ అని బోర్డు పెట్టిన దుకాణాలన్నీ మోసం చేస్తున్నాయని నేను అనడం లేదు. కానీ ఒక దుకాణంలో మాకు జరిగిన మోసం ఎంత పద్ధతిగా ఉందంటే, అది మాతో మొదలై మాతోనే ఆగి ఉంటుందని నమ్మలేకపోతున్నాను.

మేము విజయనగరం నుంచి బయలుదేరి అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం దర్శనాలు చేసుకొని, టెక్కలి వైపు వెళ్తూ ఆ దుకాణం దగ్గర ఆగాము. రుచి చూడమని సీసాలోంచి తీసి ఇచ్చిన పప్పు నిజంగా చాలా బాగుంది. తెల్లగా, నిండుగా, నమిలేకొద్దీ తియ్యగా ఉంది. ‘మా సొంత తోటదేనమ్మా, నూట ఎనభై గ్రేడు’ అని చెప్పి ఆ గ్రేడు ధరే తీసుకున్నారు. అయితే మా చేతికిచ్చినవి మాత్రం ఆ సీసాలోని పప్పు కాదు, లోపలి గదిలోంచి తెచ్చిన, ముందే సీలు వేసి ఉన్న అట్టపెట్టెలు. బిల్లు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. ఫోన్ ద్వారా చెల్లించాము కాబట్టి ఆ రుజువు ఒక్కటే మిగిలింది.

ఇంటికి వచ్చి పెట్టె విప్పితే పైన ఒక వరుస పెద్ద గుండు పప్పు, దాని కింద చిన్న పప్పు, బద్దలు, ముక్కలు, పొట్టు ఊడనివి కలిసి ఉన్నాయి. పరమాన్నంలోకి నేతిలో వేయించగానే వంటిల్లంతా ముక్కిన వాసన కమ్ముకుంది. నోట్లో వేసుకుంటే మొదట ఏమీ తెలియదు, మింగాక గొంతులో చేదు నిలిచిపోతుంది. జీడిపప్పు బరువులో దాదాపు సగం నూనే కావడం వల్ల వేడి, వెలుతురు, గాలి తగిలేకొద్దీ అది పాడవుతుంది. పాతబడిన పప్పును మళ్లీ ఎండబెట్టినా, వేయించినా, ఉప్పూ కారం చల్లినా ఆ చేదు పోదు, పైకి వెంటనే తెలియదంతే. అందుకే మసాలా పట్టించిన పప్పు కొనేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

గ్రేడు విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు మోసం అక్కడే ఉంది. 180, 210, 240, 320 అని చెప్పే అంకెలు ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని గుండు పప్పులు తూగుతాయో తెలిపేవి. అంకె తక్కువైతే పప్పు పెద్దదని, ధర ఎక్కువని అర్థం. ఈ లెక్కన 100 గ్రాములకు 180 గ్రేడువి సుమారు 40, 240 గ్రేడువి 50 దరిదాపుల్లో, 320 గ్రేడువి 66 నుంచి 70 వరకు తూగుతాయి. మా పెట్టెలోంచి బద్దలను, ముక్కలను పక్కన పెట్టి గుండు పప్పును మాత్రమే ఏరి 100 గ్రాములు తూచి లెక్కపెడితే 68 వచ్చాయి. అంటే 180 ధరకు 320 అంటగట్టారు, అందులోనూ బద్దలు కలిపారు. పైగా కిలో అన్న పెట్టెను ఖాళీ చేసి తూస్తే పప్పు కిలో లేదు. అట్ట బరువు కూడా మన లెక్కలోనే వేశారు. నిజాయతీగల వ్యాపారి ఎవరైనా మీ ఎదుట 100 గ్రాములు తూచి లెక్కపెట్టడానికి అభ్యంతరం చెప్పరు; రెండు నిమిషాల పని అది.

‘సొంత తోట’ అన్న మాటను బట్టి మాత్రం ధర కట్టకండి. పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతంలో జీడి పిక్కల కోత వేసవిలో సాగుతుంది. పిక్కల బరువులో పప్పుగా మిగిలేది సుమారు నాలుగో వంతే. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఆ ప్రాంతపు జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది, కొత్తగా నాటిన చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. పలాస, కాశీబుగ్గ పరిశ్రమలు ఆఫ్రికా దేశాల పిక్కలను కూడా తెప్పించుకొని ఆడిస్తాయి. అందులో తప్పేమీ లేదు, ఆ పప్పు కూడా తాజాగా ఉంటే మంచిదే. కానీ ఎక్కడిదో పాత సరుకును ఉద్దానం పేరుతో అమ్మడం వల్ల కొన్నవారితో పాటు, 80 కిలోల బస్తాకు సరైన ధర రావడం లేదని గోడు వెళ్లబోసుకునే ఆ రైతులు కూడా నష్టపోతున్నారు. ఒకసారి ముక్కిన పప్పు తిన్న కుటుంబం మళ్లీ పలాస పేరు ఎత్తదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

కాబట్టి వీలైతే పలాస, కాశీబుగ్గ ఊళ్లలోకి వెళ్లి, పప్పు ఆడించే చోట విడిగా తూయించుకొని, రుచి చూసిన డబ్బాలోంచే కట్టించుకోండి. ప్యాకెట్ కొనేటట్లయితే దానిపై తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, ప్యాక్ చేసిన నెల, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. మాకిచ్చిన పెట్టెపై సూర్యదేవుడి బొమ్మ తప్ప ఇవేవీ లేవు. విజయనగరం జిల్లా భీమాలి మామిడి తాండ్ర విషయంలోనూ ఇదే పాటించండి. మామిడి వాసన రాకుండా కేవలం తీపి, రంగు కనిపిస్తే తీసుకోవద్దు.

దూరప్రాంతాల వారు మళ్లీ రారన్న ధైర్యంతోనే ఇలాంటివి సాగుతున్నాయి. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానం. కొన్న చోటనే కాక, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి. తూకం తగ్గితే తూనికలు, కొలతల శాఖకు కూడా తెలియజేయండి. మేము 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, చెల్లింపు రుజువును, లెక్కపెట్టిన పప్పు, తూకం కనిపించే ఫొటోలను జతచేశాము. ఆ దారిలో మీకూ ఇలాంటిదే జరిగి ఉంటే పెట్టెను, మిగిలిన పప్పును పారేయకుండా అలాగే ఉంచి, మీరు కూడా ఫిర్యాదు చేయవలసిందిగా కోరుతున్నాను.