నాలుగేళ్లుగా బయోసిరామిక్ సీలర్: మర్నాటి నొప్పి సంగతి

రూట్ కెనాల్ చికిత్సలో పంటి వేరులోని సన్నని కాలువను (కెనాల్) నింపేటప్పుడు ఖాళీలు పూడ్చే పేస్టే సీలర్. కలపనవసరం లేని సిరంజి బయోసిరామిక్ సీలర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది మర్నాటి ప్రశాంతత. "కొరికితే జివ్వుమంటోంది డాక్టరుగారూ" అనే ఫోన్లు ఎపాక్సీ రెసిన్ సీలర్ రోజులకంటే బాగా తగ్గాయి.

ఇబ్బంది పెట్టింది దాని జారుడుతనమే. ఒకసారి కింది దవడ పన్ను, డిస్టల్ (వెనక వైపు) కెనాల్. సిరంజి మొనను బిగుసుకునేదాకా దించి, వెనక్కి లాగకుండా నొక్కితే సీలర్‌కు పైకి వచ్చే దారి ఉండదు, అపెక్స్ (వేరు కొస) దాటిపోతుంది. ఆపైన మాస్టర్ కోన్‌ను (కెనాల్‌ను నింపే ప్రధాన గుట్టపెర్చా కడ్డీని) ఒకేసారి దించేస్తే అది పిస్టన్‌లా మిగిలినదాన్నీ తోస్తుంది. ఆ పన్నులో జరిగిందీ అదే, ఎక్స్‌రేలో వేరు కొస కింద తెల్లటి బొట్టు కనబడింది. గట్టిపడేలోపు దీని పీహెచ్ 11 పైమాటే, ఆ క్షారం తగిలిన చోట వాపు రావచ్చు. మూడు రోజులు పన్ను మీద తడితే నొప్పి. ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా., పన్ను ఎత్తు కాస్త అరగదీయడం, వీటితో సర్దుకుంది. అదే కింది దవడ నరం మీద పడి ఉంటే పెదవి తిమ్మిరి దాకా పోయేది.

అందుకే మొనను కెనాల్ పై మూడో వంతు దాటనివ్వను. ఒక చిన్న బొట్టు వదిలి, కోన్ కొసకు కాస్త పూసి, మెల్లగా రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఆడిస్తూ దించుతాను. కెనాల్‌ను ఆరబెట్టే కాగితపు పుల్లల్లో (పేపర్ పాయింట్) చివరిదాని కొస కొంచెం చెమ్మగా రావాలి, ఎందుకంటే ఈ సీలర్ గట్టిపడేదే డెంటిన్‌లోని (పంటి లోపలి గట్టి పొరలోని) తడితో. ఆల్కహాల్‌తో ఆరబెట్టకూడదు. పని కాగానే మొన పారేసి మూత బిగించకపోతే గాలిలోని చెమ్మకే సిరంజిలో ఉన్నది రాయిలా గట్టిపడుతుంది.

మొదట్లో నొప్పి తగ్గడమంతా సీలర్ చలవే అనుకున్నాను. కానీ వేరు కొస ఎక్కడుందో చెప్పే పరికరం అపెక్స్ లొకేటర్ చూపిన కొసకు అర మిల్లీమీటరు ముందే ఆగడం, కెనాల్ కడిగే హైపోకు (సోడియం హైపోక్లోరైట్ ద్రావణానికి) పక్క రంధ్రం ఉన్న సూది వాడటం కూడా అప్పుడే మొదలయ్యాయి. ఈ రెండు రకాల సీలర్లను పోల్చిన పరిశోధనల్లోనూ తేడా ఉంటే తొలి ఒకటి రెండు రోజుల్లో కాస్త, వారం తిరిగేసరికి దాదాపు సమానమే. ముందే నొప్పితో వచ్చిన పన్ను ఏ సీలర్ పెట్టినా రెండ్రోజులు సలిపే అవకాశం ఎక్కువ, ఆ మాట పేషెంటుకు ముందే చెప్పాలి.

నేను చేసేది ఎక్కువగా సింగిల్ కోన్ (ఒకే కడ్డీ, సీలర్‌తో నింపే) పద్ధతి కాబట్టి నాకు ఇది కుదిరింది. గుట్టపెర్చాను (కోన్లు చేసే రబ్బరు లాంటి పదార్థాన్ని) వేడిచేసి నింపేవారు తమ సీలర్ ఆ వేడికి తట్టుకునేదేనా అని ముందు చూసుకోవాలి. మళ్లీ తెరవాల్సి వస్తుందనిపించే పళ్లలో మాత్రం ఇప్పటికీ రెసిన్ సీలరే వాడుతున్నాను. కోన్ పొట్టిగా ఆగిపోతే దాని కింద గట్టిపడ్డ బయోసిరామిక్‌ను ఫైలుతో (కెనాల్ శుభ్రం చేసే సన్నని పనిముట్టుతో) దాటడం చాలా కష్టం, మామూలు సాల్వెంట్లకు అది కరగదు.