చేపలు పడే చోట్లు రాసుకోవడం: ఆరేళ్ళు వాడాక నా రివ్యూ

ఆరేళ్ళ నుంచి ఒకే చెరువులో గాలం వేస్తున్నా, పెద్ద చెరువు, చేప పడ్డ చోటల్లా రాసుకుంటూ వస్తున్నా. ఇప్పటికి రెండు నోటుబుక్కులు నిండాయి, ఫోన్ మ్యాపులో 63 పిన్నులున్నాయి. వాటిలో ఇవాళ నేను నమ్మి బయల్దేరేవి 14. మిగతావి తప్పుడు పిన్నులని కాదు, అక్కడ చేప పడింది నిజమే, కానీ ఆ రోజు చెరువు ఎలా ఉందో రాసుకోలేదు, అందుకని మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో తెలీదు.

మొదటి ఏడాది చేపల వేట కోసమని చేసిన యాప్ ఒకటి వాడా. వాడటానికి బానే ఉండేది, చేప ఫోటో తీస్తే లొకేషన్, టైమ్, వాతావరణం అన్నీ అదే ఎక్కించుకునేది. ఫోన్ మార్చాక అకౌంట్ తెరుచుకోలేదు, మెయిల్ పెట్టినా జవాబు రాలేదు, ఏడాదంతా రాసింది పోయింది. చాలా బాధేసింది. అప్పట్నుంచి జీపీఎక్స్ ఫైలుగా (పిన్నుల చోట్లన్నీ దాచుకునే ఫైలు) బయటికి తీసుకునే వీలు లేని యాప్‌లో ఒక్క పిన్ను కూడా పెట్టట్లేదు. ఆ ఫైలైతే చాలా మ్యాప్ యాపులు తెరుస్తాయి, పడవల్లో పెట్టుకునే, నీళ్ళ లోతూ చేపలూ చూపించే సోనార్ మెషీన్లు కూడా చాలావరకు తీసుకుంటాయి. నెలకోసారి ఫైలు తీసి నాకు నేనే మెయిల్ చేసుకుంటా.

ఇంక జీపీఎస్ సంగతి. ఆకాశం అడ్డం లేకుండా ఉన్న చోట మామూలు ఫోను 5 మీటర్ల అటూ ఇటూగా చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా తేడా వస్తుంది. రోడ్డు మీద 5 మీటర్లు లెక్కే కాదు, కానీ నీళ్ళలో మునిగిన మోడు పక్కన ఎర వేయాలంటే అది చాలా ఎక్కువ, ఒక మీటరు ఇటు పడితే చేప, అటు పడితే గాలం చిక్కుకోవడమే. పిన్ను నంబర్లు (డిగ్రీల్లో ఉండే అక్షాంశం, రేఖాంశం) బుక్కులోకి ఎక్కించేటప్పుడు కూడా జాగ్రత్త, చుక్క తర్వాత 5 అంకెలు రాస్తే ఒక మీటరు దాకా తెలుస్తుంది, 3 అంకెలతో ఆపేస్తే 100 మీటర్లు దాటి తేడా రావొచ్చు. నేను మొదట్లో 3 అంకెలే రాశా, ఆ పేజీలు ఇప్పుడు ఎందుకూ పనికిరావు. ఇంకోటి, డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి చుక్క తర్వాత 30 ఉంటే అది 30 నిమిషాలు కాదు, 18 నిమిషాలు. చుక్క పద్ధతీ నిమిషాల పద్ధతీ ఒకే బుక్కులో కలిపి రాయొద్దు.

అందుకే పిన్నుతో పాటు ఆనవాళ్ళు పెట్టుకోవడం మొదలెట్టా, పడవ మీద తిరిగేవాళ్ళు ఎప్పట్నుంచో చేసే పనే ఇది. నా మూడో నంబరు స్పాట్ చూడండి: గట్టు మీద వంగిన తాటిచెట్టు సరిగ్గా వెనకాల టవర్‌ని కప్పేయాలి, అదే టైములో ఎడమ పక్క తూము గోడ అంచూ దూరంగా ఉన్న కొండ కొసా ఒక గీత మీదికి రావాలి. రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో మోడు అక్కడుంది. పడవ రెండు మూడు అడుగులు పక్కకి జరిగితే చాలు, తాటిచెట్టు వెనకనుంచి టవర్ బయటికొచ్చేస్తుంది. ముందుదానికీ వెనకదానికీ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే అంత తొందరగా తేడా తెలుస్తుంది, రెండు గీతలూ దాదాపు మూలమట్టంగా కలిసేట్టు చూసుకోవాలి. బ్యాటరీ అయిపోయినా ఇది పనిచేస్తుంది.

అన్నిటికంటే పెద్ద విషయం నీటి మట్టం. నేను మూడేళ్ళు ఇది రాయలేదు, ఇప్పటికీ బాధే. "లోతు 8 అడుగులు, బొచ్చె 2" అని రాసుంది, సరే అని అదే చోటికి ఇంకో కాలంలో వెళ్తే మోకాలి లోతు కూడా లేదు. లోతు అనేది ఆ రోజు లెక్క, మర్నాటికి అదే ఉండాలని లేదు. ఇప్పుడు వెళ్ళగానే మొదట చేసే పని తూము దగ్గర నీళ్ళ పైకి ఎన్ని మెట్లు కనపడుతున్నాయో లెక్కపెట్టడం. 4 మెట్లు బయటుంటే ఏ చోట్లు, 9 ఉంటే ఏ చోట్లు అని బుక్కు వెనక పేజీల్లో విడిగా రాసుకున్నా, ఆ నమ్మే 14 పిన్నులూ అందులోంచి వచ్చినవే. మీ చెరువుకి మెట్లు లేకపోతే కదలని రాయి ఏదో ఒకటి చూసుకోండి, ప్రతిసారీ అదే రాయి ఉండాలి.

తర్వాత గాలి. ఒకే వైపు నుంచి గంటల తరబడి కొడితే పైన తేలేదంతా ఎదురు గట్టుకి చేరుతుంది, దాని కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి వస్తాయి, నా బుక్కులో మంచి రోజులు చాలావరకు అలాంటివే. గాలి పేరుతో కాకుండా ఏ గట్టుకి కొడుతుందో రాసుకుంటే చదివేటప్పుడు తేలిక. ఎండాకాలం లోతైన చోట పైన వేడి నీళ్ళు, కింద చల్ల నీళ్ళు రెండు పొరలైపోతే అడుగు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, అప్పుడు ఎర అడుక్కంటా దించితే గంటలు పోతాయంతే, మధ్య లోతులో వేశాక పడ్డాయి. కొర్రమీను లెక్క వేరు, అది పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిందే, కాబట్టి నాచు మధ్య ఖాళీల్లో అది పైకి లేచిన చోటు చేప పడకపోయినా రాసుకుంటా.

ఏమీ పడని రోజులు కూడా రాయండి, దయచేసి. పడ్డ రోజులే రాస్తే ప్రతి స్పాటూ మంచిదిలాగే కనిపిస్తుంది. ఒక తుంగ మూల గురించి నా బుక్కులో 5 సార్లు పడినట్టుంది, ఖాళీ రోజులు రాయడం మొదలెట్టాక చూస్తే 30 సార్లు వెళ్తే ఆ 5, అన్నీ తెల్లారేసరికే. ఇప్పుడు పొద్దెక్కాక అటు పోను.

ఫోటోలు పంపేటప్పుడు చూసుకోండి, లొకేషన్ ఆన్‌లో ఉండి ఒరిజినల్ ఫైలు పంపితే స్పాట్ కూడా దాంతోనే పోతుంది. వెనక గట్టు కనపడినా తెలిసినవాళ్ళు పట్టేస్తారు. నేను చేపని నేల మీద పెట్టి పైనుంచి తీస్తా.

రాయడానికి పెన్సిలే వాడండి, పెన్ను తడిస్తే పేజీ అంతా పాకుతుంది. అక్కడికక్కడే రెండు లైన్లు గీకేస్తా, ఇంటికెళ్ళి రాద్దాంలే అనుకున్నవాటిలో టైములు చాలా తప్పని తర్వాత ఫోటోల టైములు చూస్తే తెలిసింది. ఎప్పుడో ఒకసారి వెళ్ళే చెరువుకి ఇంత అక్కర్లేదు, పిన్ను సరిపోతుంది. ఏటా వెళ్ళే చెరువైతే మాత్రం నీళ్ళు బాగా తగ్గిన రోజుల్లో గాలం ఇంట్లో పెట్టి, ఫోనూ బుక్కూ పట్టుకుని గట్టి నేల చూసుకుంటూ చెరువులోకి నడవండి. నేను పోయినసారి అలా నడిచి పాత వాగు దారి, నాలుగు మోళ్ళు, ఎవరో వదిలేసిన గట్టు రాళ్ళు, అన్నిటి పక్కనా నిలబడి పిన్నులు పెట్టుకున్నా. ఇప్పుడు వాటి మీద 10 అడుగుల నీళ్ళున్నాయి, మూడో బుక్కు మొదటి పేజీలో ఆ వాగు వంపు చేత్తో గీసి పెట్టుకున్నా, మొన్న ఆ వంపు లోపలి పక్కనే బెండు మునిగింది.