పాడైన 2ఎన్3055లే డయోడ్లుగా కట్టిన బ్యాటరీ ఛార్జర్: ఏళ్ల వాడకం తర్వాత

అనంతపురంలో యాంప్లిఫయర్లు, ఇన్వర్టర్లు బాగుచేసే పని నాది. వాటిలోంచి తీసిన 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు డబ్బాలో పోగవుతూనే ఉంటాయి. ట్రాన్సిస్టర్‌కు బేస్, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కొసలు. బేస్‌కూ మిగతా ఒక్కోదానికీ మధ్య ఉండే జంక్షన్ డయోడ్‌లా కరెంటును ఒకవైపే పోనిస్తుంది. కొన్నింటికి బేస్-ఎమిటర్ జంక్షన్ మాత్రమే తెగిపోయి, బేస్-కలెక్టర్ జంక్షన్ బాగానే ఉంటుంది. అలాంటివి రెండు ఏరి, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌కు (మధ్య తీగకు అటూ ఇటూ 12 వోల్టులిచ్చేది) రెక్టిఫయర్‌గా, అంటే ఏసీని డీసీ చేసే భాగంగా పెట్టి మైక్ సెట్ బ్యాటరీల కోసం ఛార్జర్ కట్టాను. మా జిల్లాలోని గూగూడు పీర్ల పండగప్పుడు, వినాయక చవితికి అది రోజంతా ఆగకుండా పనిచేస్తుంది. ఇన్నేళ్లలో క్లిప్పులు, ఫ్యూజులు మార్చాను గానీ ఆ ట్రాన్సిస్టర్ల జోలికి వెళ్లాల్సిన పని పడలేదు.

నాకు బాగా నచ్చింది బిగింపు. ఇది ఎన్‌పీఎన్ రకం కాబట్టి బేస్ ఆనోడ్ (కరెంటు లోపలికి వెళ్లే కొస), కలెక్టర్ కేథోడ్ (బయటికి వచ్చే కొస) అవుతాయి. లోహపు ఒళ్లే కలెక్టర్. ఇలా మధ్య తీగ ఉన్న సెంటర్ ట్యాప్ సర్క్యూట్‌లో రెండు కేథోడ్లూ ఎలాగూ కలవాల్సినవే. అందుకే కరెంటును అడ్డుకునే మైకా ముక్కలు లేకుండా రెండింటినీ ఒకే అల్యూమినియం హీట్ సింక్‌కు నేరుగా బిగించేశాను. ఆ సింకే ప్లస్. అది నెగటివ్ కలిపిన పెట్టెకు తగలకూడదు, అదొక్కటే గట్టిగా చూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు చివరలూ రెండు బేస్‌లకు, మధ్య తీగ బ్యాటరీ మైనస్‌కు వెళ్తాయి. కరెంటు హద్దులో ఉండేందుకు సిరీస్‌లో ఒక ఆటో హెడ్‌లైట్ బల్బు పెట్టాను.

రెండున్నర ఆంపియర్ల దగ్గర రెండింట్లో కలిపి సుమారు రెండు వాట్ల వేడి పుడుతుంది. ఇదే పనికి వాడే 1ఎన్5408 డయోడ్ అయితే ఆ వేడిని తన కాళ్ల గుండానే వదలాలి. దీనికైతే పెద్ద రేకు తోడుంది. మా మే నెల ఎండల్లో ఆ తేడా చేతికి తెలుస్తుంది.

వోల్టేజీ భయం కూడా లేదు. 12 వోల్టుల వైండింగ్ పీక్ 17, డయోడ్‌పై తిరగబడే వోల్టేజీ దానికి రెట్టింపు, దాదాపు 34. రాత్రి పొలాల మోటార్లు ఆగి లైను 250 దాటినా 40కి అటూ ఇటూ ఉంటుంది. 2ఎన్3055 కలెక్టర్-బేస్ హద్దు 100 వోల్టులు. అదే బేస్-ఎమిటర్ వైపైతే 7 వోల్టులే. ఎమిటర్ బాగుంది కదా అని ఆ జంక్షన్‌ను రెక్టిఫయర్‌గా పెడితే మొదటి సైకిల్లోనే అది బ్రేక్‌డౌన్‌లోకి వెళ్తుంది, అంటే కరెంటును వెనక్కి కూడా పోనిస్తుంది. ఎమిటర్ కాలు ఖాళీగా వదిలేయండి.

ఏరేటప్పుడు మల్టీమీటర్ డయోడ్ రేంజ్‌లో ఎర్ర ప్రోబ్ బేస్‌కు, నల్లది ఒంటికి పెడితే 0.5 నుంచి 0.7 దాకా చూపాలి, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. కలెక్టర్-ఎమిటర్ షార్ట్ అయినవి పారేయడమే మేలు. బేస్ కరెంటు హద్దు 7 ఆంపియర్లని డేటాషీట్‌లో ఉన్నా నేను మూడు దాటనివ్వను, లోపల బేస్‌కు వచ్చే తీగ సన్నం.

ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు (వేల హెర్ట్జ్‌ల వేగంతో స్విచ్ అయ్యే పవర్ సప్లైలకు) మాత్రం ఇది వద్దు. వోల్టేజీ తిరగబడ్డాక ఈ జంక్షన్ కరెంటును నిదానంగా ఆపుతుంది. 50 హెర్ట్జ్‌కు ఆ ఆలస్యం లెక్కలోకి రాదు గానీ, వేల హెర్ట్జ్‌ల దగ్గర కాలిపోతుంది. కొత్త ట్రాన్సిస్టర్ కొని ఇలా వాడొద్దు, ఆ డబ్బుకు డయోడ్లే ఎక్కువ వస్తాయి. డబ్బాలో పడి ఉన్నవాటికైతే ఇంతకంటే మంచి పని నాకు కనబడలేదు.