చీజ్ గ్రిట్స్‌కు ఏ రవ్వ మేలు: స్టోన్ గ్రౌండా, క్విక్కా?

అట్లాంటా చుట్టుపక్కల కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్లు, ఆదివారం బ్రంచ్‌కు ఎక్కడో తిని వచ్చిన చీజ్ గ్రిట్స్‌ను, అంటే మొక్కజొన్న రవ్వను జారుగా ఉడికించి చీజ్ కలిపే వంటకాన్ని, ఇంట్లో చేసుకోవాలనుకున్నప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: దుకాణంలో స్టోన్ గ్రౌండ్, క్విక్ అని రెండు రకాలున్నాయి, దేన్ని కొనాలి? చాలామంది ఏ చీజ్ వేయాలన్న దగ్గరే ఎక్కువగా ఆలోచిస్తారు గానీ, 2002లో జార్జియా రాష్ట్రం తన అధికారిక వంటకంగా ప్రకటించుకున్న గ్రిట్స్ వెన్నలా రావడమూ రాకపోవడమూ ఆ రవ్వ నీటిని ఎంత నిండుగా పీల్చుకున్నదన్న దాన్ని బట్టే ఉంటుందని నా నమ్మకం.

క్విక్ గ్రిట్స్ అంటే గింజలోని మొలక భాగాన్నీ పొట్టునూ తీసేసి మరలో సన్నగా ఆడించిన రవ్వ. 5 నుంచి 7 నిమిషాల్లో ఉడుకుతుంది, అలమరలో నెలల తరబడి చెడదు, ధర కూడా తక్కువే. పనిరోజు ఉదయం దీనికి వంక పెట్టలేము. అయితే చెడర్ చీజ్ ఎంత దండిగా వేసినా నోటికి చీజ్ రుచే అందుతుంది తప్ప మొక్కజొన్న కమ్మదనం అందదు.

స్టోన్ గ్రౌండ్ రవ్వ రాతి తిరగళ్ల మధ్య నలిగినది. అందులో మొలక భాగమూ దానిలోని నూనే చాలావరకు నిలిచి ఉంటాయి కనుకనే ఆ సువాసన వస్తుంది, ఆ కారణంగానే సంచిని ఫ్రీజర్‌లో దాచుకోవలసి వస్తుంది. గంటకు పైగా ఉడకాలనగానే చాలామంది వెనకడుగు వేస్తారు. దానికి ఉపాయం రాత్రి నానబెట్టడమే. కప్పు రవ్వకు నాలుగు కప్పుల నీళ్లు పోసి కలిపితే పొట్టు పైకి తేలుతుంది, దాన్ని చిన్న జల్లితో తీసేస్తాను. తెల్లవారాక అవే నీళ్లతో, తగినంత ఉప్పు వేసి, మందపాటి గిన్నెలో చిక్కబడేదాకా చేయి ఆపకుండా కలిపి, ఆపైన సన్నని సెగ మీద ఉంచితే ముప్పావు గంటలో పని పూర్తవుతుంది. పెద్ద బుడగ నెమ్మదిగా లేచి పగిలే స్థితిలో కాస్త తీసి నాలుక మీద వేసుకుంటే పలుకు తగలకూడదు. సంకటి కెలికి అలవాటున్న చేతికి ఇది కష్టం కాదు, కాకపోతే ఇది ముద్ద కట్టకుండా గరిటె నుంచి జారాలి. పాలు మొదటే పోస్తే అడుగంటుతాయి కనుక చివరి పది నిమిషాల్లో అరకప్పు పోస్తే చాలు.

ఇన్‌స్టంట్ పొట్లాలు ముందే ఉడికించి ఆరబెట్టినవి, బ్రంచ్‌కు పనికిరావు. పోలెంటా ఇటలీ వంట, దాని రుచి వేరు. మన కొట్లలో దొరికే మొక్కజొన్న రవ్వ అవసరానికి ఫరవాలేదు.

ఏ రవ్వ వాడినా చీజ్‌ను మాత్రం పొయ్యి ఆర్పాకే వేయాలి. ఒకసారి అతిథులు వచ్చిన తొందరలో ఉడుకుతుండగానే వేశాను, నెయ్యి తేలినట్టు కొవ్వు విడిపోయి చీజ్ తీగలు సాగింది. తురిమి అమ్మే చీజ్‌కు ముక్కలు అంటుకోకుండా పిండి పదార్థం పూసి ఉంటుంది కనుక అది నునుపుగా కరగదు. ఘాటైన చెడర్ ముక్క కొని ఇంట్లోనే తురుముకోవాలి. వడ్డించేలోపు గ్రిట్స్ బిగుసుకుంటే రెండు గరిటెల వేడి పాలు పోసి కలిపితే మళ్లీ జారుగా వస్తాయి.