లేనియర్‌లో పడవకు పెట్రోలు పోయించబోయే వారు ముందు ఇది చదవండి

నిన్న ఆదివారం సాయంత్రం మా పడవలో ట్యాంకులోకి పోయాల్సిన పెట్రోలును పడవ అడుగున పోశారు. రాత్రంతా నిద్ర లేదు. వరస తప్పితే మన్నించండి. చోటు లేనియర్ సరస్సు మీద ఉన్న మెరీనాల్లో, అంటే పడవలు నిలిపే రేవుల్లో, ఒకటి. అట్లాంటా చుట్టుపక్కల పడవలున్న మన వాళ్లలో చాలామంది అక్కడ పెట్రోలు పోసే డాకుకు (పడవలు ఆనించే చెక్క వేదికకు) వెళ్లినవారే. కార్డు కంపెనీ దగ్గర ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

మాది పాత పడవ. నిరుడు కొన్నాం. 21 అడుగులు, చేపలు పట్టుకోవడానికీ షికారుకూ రెండింటికీ పనికొచ్చే రకం, ఇంజను లోపలే ఉంటుంది. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ, నాన్న. రోజంతా తిరిగాం, ట్యాంకు పావు వంతుకు వచ్చింది, పెట్రోలు పోయిద్దామని ఆ డాకుకు చేర్చాను. మా వెనక నాలుగు పడవలు వరసలో ఉన్నాయి.

పెట్రోలు పోసేటప్పుడు పడవలో మనిషి ఉండకూడదు. ఇది మొదటి నియమం. పడవ కొన్నప్పుడు చదువుకున్నాను, నాకు తెలుసు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమెను మెల్లగా దింపాలని చెయ్యి అందించాను. డాకు మీద ఉన్న కుర్రవాడు "అవసరం లేదు, రెండు నిమిషాల పని, కూర్చోనివ్వండి, వెనక వాళ్లు ఆగి ఉన్నారు" అన్నాడు. అతని వెనకే గోడకు ఎర్ర అక్షరాల బోర్డు ఉంది. ఇంజను ఆపండి, అందరూ దిగండి, పొగ తాగవద్దు, స్టార్ట్ చేసే ముందు 4 నిమిషాలు బ్లోయర్ (ఇంజను చోటులోని ఆవిరిని బయటకు తోలే ఫ్యాను) నడపండి అని. వాళ్ల బోర్డు, వాళ్ల నియమం. దాని కింద నిలబడి వాళ్ల మనిషే అవసరం లేదని చెప్పాడు. నేను సరేనన్నాను. అమ్మ కూర్చుంది, చిన్నవాడు ఆమె ఒడిలో నిద్రపోతున్నాడు. ఆ సరే అన్న మాటకు నన్ను నేను ఎంత తిట్టుకున్నా తక్కువే.

నేను వెనక వైపు తాడు కడుతున్నాను. అంతలో అతను నాజిల్ తీసుకుని తనే పడవలోకి దిగి పోయడం మొదలుపెట్టాడు. మామూలుగా నాజిల్ మన చేతికి ఇవ్వాలి, మన పడవలో మనమే పెట్టుకోవాలి. మా పడవ అంచు మీద జానెడు దూరంలో రెండు రంధ్రాలు ఉన్నాయి. ఒకటి ట్యాంకు మూత, దాని మీద అక్షరాలు చెక్కి ఉంటాయి. రెండోది గాలపు కర్ర నిలబెట్టే గొట్టం, దానికి నల్లటి రబ్బరు మూత. అతను తీసింది ఆ రబ్బరు మూత.

ఆ గొట్టం కింద నుంచి పోయేది ట్యాంకులోకి కాదు. నేరుగా బిల్జ్‌లోకి, అంటే ఇంజను కింద నీళ్లు చేరే పడవ అడుగు గుంటలోకి. మీటరు ప్రకారం 11 గ్యాలన్లు పోశాడు. దాదాపు 42 లీటర్ల పెట్రోలు మా కాళ్ల కింద పలక అడుగున చేరింది, నా కొడుకు పైన నిద్రపోతున్నాడు.

ట్యాంకులోకి పెట్రోలు వెళ్తుంటే లోపలి గాలి పడవ పక్కన ఉండే చిన్న వెంట్ గుండా బయటకు వస్తుంది, బుస్సుమని చప్పుడు అవుతుంది, చెయ్యి పెడితే గాలి తగులుతుంది. నిన్న ఆ చప్పుడు లేదు. నేను తాడు దగ్గర వంగి ఉన్నాను, ఆ సంగతి గమనించలేదు. ఆ రెండు నిమిషాలు వెంట్ పక్కన నిలబడి ఉంటే మొదటి గ్యాలన్‌కే ఆపించేవాణ్ణి.

ఇప్పుడు అసలు మాట. నాజిల్ తీసి, రబ్బరు మూత పెట్టి, "అయిపోయింది, స్టార్ట్ చేసి పక్కకు తీయండి" అన్నాడు. నేను సీటులో కూర్చుని తాళం చెవి మీద చెయ్యి వేశాను. అప్పుడు అమ్మ "నాన్నా, పెట్రోలు వాసన బాగా వస్తోంది, కింద నుంచి వస్తున్నట్టుంది, ఒకసారి చూడు" అంది. నేను ఆ కుర్రవాడితో వాసన ఎక్కువగా ఉంది, ఇంజను మూత తెరిచి చూస్తాను అని చెప్పాను. అతను నా ముఖం కూడా చూడకుండా "పెట్రోలు పోసే చోట పెట్రోలు వాసనే వస్తుంది, తీయండి, తీయండి" అన్నాడు. అని, చేతులు రెండుసార్లు చరిచాడు. పశువులను తోలినట్టు. మా నాన్న ముందు, నా పిల్లల ముందు.

ఆ చప్పట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. వెనక పడవలో ఎవరో హారన్ కొట్టారు. నాకు సిగ్గేసింది, అందరినీ ఆపుతున్నానేమో అనిపించింది. తాళం చెవి తిప్పడానికి చెయ్యి సిద్ధమైంది. అమ్మ రెండోసారి "వద్దు నాన్నా, ముందు చూడు" అని నా భుజం పట్టుకుంది. లేచి ఇంజను మూత ఎత్తాను. వాసన ముఖానికి కొట్టింది. ఇంజను కింద లేత పసుపు రంగులో పెట్రోలు అలలాగా ఊగుతోంది.

తెలియని వారి కోసం చెప్తున్నాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. రోడ్డు మీద బంకులో ఒలికితే గాలికి కొంతైనా చెదిరిపోతుంది. పడవ అడుగు గిన్నెలాంటిది, అక్కడ చేరిన ఆవిరి పోవడానికి దారి లేదు. గాలిలో 1.4 శాతం ఆవిరి కలిస్తే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. వేడి కూడా అక్కర్లేదు, సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు మండేంత ఆవిరిని ఇస్తుంది. 4 నిమిషాల బ్లోయర్ నియమం ఉన్నది అందుకే. లోపల పెట్రోలు ఇంజను ఉన్న పడవల్లో స్టార్ట్ చేసే చోట ఆ హెచ్చరిక అంటించి ఉంటుంది, మీ పడవలో కూడా చూడండి. అయితే ఆ బ్లోయర్ ఆవిరిని తీయడానికి. 11 గ్యాలన్లు కింద నిలిచి ఉంటే బ్లోయర్ ఏమీ చేయలేదు. మూత ఎత్తి ముక్కుతో వాసన చూడటమే దిక్కు.

ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరినీ డాకు మీదికి ఎక్కించాను. నాన్న చిన్నవాణ్ణి ఎత్తుకున్నారు, అమ్మను నేనూ నా భార్యా దాదాపు మోసుకుని తీసుకెళ్లాం. వెనక వరసలోని నాలుగు పడవల ఇంజన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి! ఆపమని అరిచింది నా భార్య. డాకు మనిషి కాదు. 911కు ఫోను చేసింది కూడా ఆమే.

ఇంతలో బిల్జ్ పంపు దానంతట అదే మొదలైంది. దానికి బ్యాటరీ నుంచి నేరుగా తీగ ఉంటుంది, ప్రధాన స్విచ్ ఆపినా అడుగున మట్టం పెరగగానే పని చేస్తుంది. నీళ్లనుకుని పెట్రోలును సరస్సులోకి తోడింది. నీటి మీద రంగురంగుల పొర పరుచుకుంది.

అప్పుడు వచ్చాడు మేనేజరు. పిల్లలు బాగున్నారా అని అడగలేదు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడగలేదు. మొదటి మాట, "మీ పడవ నుంచి సరస్సులోకి పెట్రోలు పడుతోంది, జరిమానా మీకే." రెండో పని, లోపలికి వెళ్లి గిన్నెలు తోమే సబ్బు ద్రవం సీసా తెచ్చి ఆ పొర మీద పోయబోయాడు. సబ్బు పోస్తే పొర కంటికి కనిపించదు, పెట్రోలు మాత్రం నీటిలోకి దిగిపోతుంది. అలా సబ్బు పోయడం చట్టవిరుద్ధం. పొర కనిపించేంత నూనె గానీ పెట్రోలు గానీ నీటిలో పడితే జాతీయ స్పందన కేంద్రానికి 1-800-424-8802 నంబరులో తెలియజేయాలి. మెరీనా నడిపే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. మేం ఉండేది గ్విన్నెట్ కౌంటీలో, మా ఇంటి కుళాయిలో వచ్చేది ఈ సరస్సు నీళ్లే. సీసా పట్టుకున్న అతని చేతికి అడ్డుపడ్డాను. నూనె పీల్చే పరుపులు తెమ్మని అడిగితే వాటి డబ్బు కూడా మీదేనన్నాడు.

అగ్నిమాపక సిబ్బంది వచ్చి డాకు మొత్తం ఖాళీ చేయించి, పెట్రోలు తోడించి, పడవను బయటకు లాగించేసరికి చీకటి పడింది. అప్పుడు మేనేజరు బిల్లు ఇచ్చాడు. 11 గ్యాలన్ల పెట్రోలు, పరుపులు, డాకు మూసినందుకు నష్టం. మా బిల్జ్‌లో వాళ్లు పోసిన పెట్రోలుకు మాకే బిల్లు. కార్డు ముందే ఇచ్చి ఉన్నాం, గీసేశాడు. నేను అడిగితే, "మీరు అక్కడే ఉన్నారు కదా, మీ పడవలో ఏ రంధ్రం ఏదో మీరే చూసుకోవాలి" అన్నాడు.

రాత్రంతా నన్ను నిద్రపోనివ్వనిది ఈ మాటే. ఇందులో సగం నిజం ఉంది. నేను అక్కడే ఉన్నాను. అమ్మను దింపాల్సింది, దింపలేదు. నాజిల్ లాక్కోవాల్సింది, లాక్కోలేదు. ఎవరో చప్పట్లు కొడితే సిగ్గుపడి ఆరుగురి ప్రాణాల మీదికి తెచ్చేవాణ్ణి. మిగతా సగం మాత్రం అతనిది. కుర్రవాడికి ఏ శిక్షణా ఇవ్వకుండా సెలవు రోజు రద్దీలో డాకు మీద నిలబెట్టింది ఆ మేనేజరే. ఆ కుర్రవాడికి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవేమో. మంటలు లేస్తే ముందు కాలిపోయేది అతనే.

పడవ ఇప్పుడు రిపేరు చేసేవారి ఆవరణలో ఉంది. అడుగంతా కడగాలి, పెట్రోలులో నానిన తీగలూ నురుగు దిమ్మెలూ మార్చాలి. 1,850 డాలర్లు అవుతుందన్నారు, బీమా వాళ్లు ఇంకా ఏ మాటా చెప్పలేదు.

తోచిన నాలుగు మాటలు. నాజిల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, ట్యాంకు మూత దగ్గరి లోహపు అంచుకు ఆనించి మీరే పట్టుకోండి. ఒకరిని వెంట్ దగ్గర నిలబెట్టండి. గాలపు గొట్టాలకు వేరే రంగు టేపు ఇవాళే చుట్టండి, మేం రెండు డాలర్ల టేపు చుట్టలేదు. పడవను అద్దెకు తీసుకునే వాళ్లు బయలుదేరే ముందే ఏ మూత దేనిదో అడిగి తెలుసుకోండి. విడి డబ్బాలైతే డాకు మీద దించి నింపండి, పడవలో పెట్టి నింపకండి. ట్రైలరు ఉన్నవారు రోడ్డు మీద బంకులోనే నింపుకుంటే మంచిది, కానీ ఈ15 రకం (15 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోయకండి, అది పడవలకు నిషేధం. పోసిన తర్వాత మూత ఎత్తి వాసన చూడండి, వెనక ఎన్ని పడవలు హారన్ కొట్టినా సరే.

ఈ శనివారం ఆ డాకుకు వెళ్లాలనుకుంటున్న మన కుటుంబాలు రెండు ఉన్నాయని తెలుసు, దయచేసి ముందు నాకు ఫోను చేయండి. అక్కడ ఇలాంటిదే ఎవరికైనా జరిగి ఉంటే బిల్లు, ఫొటోలు పంపండి, ఫిర్యాదుకు జతచేస్తాను.