మాంసం థర్మామీటరు: తీగ తడవనంత కాలం భేష్

ఈ థర్మామీటరులో నాకు నచ్చింది ఒక్కటే, దాని పొడవాటి తీగ. మొన దేలిన చువ్వను కోడి రొమ్ములో ఎముకకు తగలకుండా గుచ్చి, తీగను ఓవెన్ తలుపు సందులోంచి బయటికి లాగి, గట్టు మీదున్న, అంకె చూపే డబ్బాకు తగిలిస్తే చాలు. తలుపు తెరవకుండానే మాంసం లోపలి వేడి తెలుస్తుంది. మనం పెట్టిన అంకె రాగానే కూత పెడుతుంది. మిగతా వివరాలన్నీ పెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

కోడిని మొత్తంగా కాల్చడంలో అసలు చిక్కు, రొమ్మూ తొడా ఒకే వేడికి సిద్ధం కాకపోవడం. రొమ్ము 74 డిగ్రీలు చేరితే నిశ్చింతగా తినవచ్చు. ఆ పైన వేడెక్కేకొద్దీ రసమంతా పిండుకుపోయి కొబ్బరి పీచులా అవుతుంది. తొడ మెత్తబడాలంటే మాత్రం 80 దాటాల్సిందే. గడియారం చూసి కాల్చిన రోజుల్లో మా ఇంట్లో రొమ్ము ముక్కలు పళ్లెంలో మిగిలిపోయేవి. ఇప్పుడు సగం కాలాక రొమ్ము మీద అల్యూమినియం రేకు కప్పుతాను, అప్పుడు తొడ కాస్త ముందుకు పోతుంది. రొమ్ము 71 దగ్గర ఉండగా బయటికి తీసి పావుగంట కదపను. లోపల నిలిచిన వేడికే అంకె 74కు ఎక్కుతుంది. చువ్వ అప్పటికీ మాంసంలోనే ఉంటుంది కనుక ఎక్కిందో లేదో తెలిసిపోతుంది. ఎక్కకపోతే కోడి మళ్లీ ఓవెన్‌లోకే.

అయితే కోడి మెత్తగా రావడం పూర్తిగా దీని ఘనతే కాదు. సగం పుణ్యం ముందు రాత్రి పట్టించే ఉప్పుది: కిలో కోడికి పది, పన్నెండు గ్రాములు రాసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మరికొంత పుణ్యం తోలుది. పటమటలో మేము కొనే కొట్టులో అడగకపోతే తోలు ఒలిచేస్తారు. ‘స్కిన్‌తో, ముక్కలు కొట్టకుండా’ అని రెండుసార్లు చెప్పాలి, రెండోసారి మరిచిపోతే కత్తి పడిపోతుంది. గుంటూరు కారం, అల్లం వెల్లుల్లి ముద్ద కూడా తోలు కిందే రాయాలి, పైన రాస్తే మాడుతుంది.

ఇది తీర్చలేని పేచీ ఒకటుంది. ఎముక దగ్గర ఎరుపు కనిపిస్తే మా అత్తగారు ‘పచ్చిదే’ అని పళ్లెం పక్కన పెడతారు. బ్రాయిలర్ కోడి వయసు ఆరేడు వారాలకు మించదు. ఎముక ఇంకా ముదరదు కాబట్టి లోపలి మూలుగ రంగు మాంసంలోకి దిగుతుంది, పూర్తిగా ఉడికినా ఆ ఎరుపు పోదు. అంకె చూపించినా ఆవిడ ఒప్పుకోరు. ఆవిడ ముక్కను పెనం మీద మరికాసేపు వేయించి ఇస్తాను.

ఇక కనుమ నాటి సంగతి. ఇంటి నిండా చుట్టాలు. కోడి ఓవెన్‌లోకి వెళ్లి పావుగంటైనా కాలేదు, కూత మొదలైంది. అంకె 93. తలుపు తీస్తే తోలు ఇంకా పాలిపోయే ఉంది, కత్తితో గుచ్చితే ఎర్రటి రసం వచ్చింది. చువ్వను మంచు ముక్కలు నింపిన నీళ్లలో ముంచాను. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె 20 దాటి ఊగిసలాడుతోంది. మరిగే నీళ్లలో పెడితే 100ను ఎప్పుడో దాటేసింది. మన బెజవాడ ఎత్తైన ఊరేమీ కాదు, ఇక్కడ నీళ్లు నూరు దగ్గరే మరుగుతాయి. అంటే తప్పు చువ్వదే. చువ్వా తీగా కలిసే అతుకులోకి నీరు దిగింది. అంట్లతో పాటు కుళాయి కింద ఎవరో కడిగేశారు. ఆ ఎవరో ఎవరన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు కోడిని భయం కొద్దీ గంటన్నర కాల్చి, చుట్టాలకు పులుసుతో సహా వడ్డించాం.

చువ్వను ఖాళీ ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే తేమ ఆరి అంకెలు దారికొచ్చాయి. వానాకాలం రాగానే మళ్లీ అదే తంతు. అమ్మినవారికి ఫోను చేస్తే పెట్టె మీద రాసిన ‘వాటర్‌ప్రూఫ్’ డబ్బాకేనట, తీగకు కాదట! తీగ విడిగా అమ్మరట, కొత్త సెట్టు కొనుక్కోమన్నారు. ఏళ్ల తరబడి వాడుకున్న వస్తువు మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్క మాటకే.

అయినా మరొకటి కొన్నాను, ఈసారి తీగ విడిగా దొరికే రకం. మా ఇంట్లో ఓవెన్ ఉంది, తోలుతో ఇచ్చే కొట్టు దగ్గరలో ఉంది, ఆదివారాలు తీరిక ఉంది కాబట్టి నాకు గిట్టుబాటే. కూర, వేపుడు వండేవారికి దీని అవసరం లేదు. నాటుకోడికి అసలే లేదు, దాన్ని మెత్తబరచేది అంకె కాదు, సన్న సెగ మీద గంటల తరబడి ఉడకడం. మే నెలలో అయితే నాది కూడా సొరుగులోనే ఉంటుంది. ఆ ఎండల్లో వంటింట్లో 200 డిగ్రీల ఓవెన్ వెలిగించే ఓపిక నాకు లేదు.