రోబోకాప్: రోగ్ సిటీ – నడక నెమ్మది, దెబ్బ గట్టిది

సగం మనిషి, సగం యంత్రమైన పోలీసు రోబోకాప్‌ను మీరే నడిపించే ఈ తుపాకుల గేమ్‌లో గెంతడం లేదు, వంగడం లేదు. పరుగు బటన్ నొక్కితే ఆ ఇనుప మనిషి నడక ఓ పిసరు ఊపందుకుంటుంది, అంతే. కాల్ ఆఫ్ డ్యూటీ అలవాటులో గోడల చాటున దూకుతూ ఆడేవాళ్లకు మొదటి అరగంట విసుగొస్తుంది. అసలు చాటుకు వెళ్లాల్సినవాడు ఎదుటివాడే అని బోధపడ్డాక మజా మొదలవుతుంది. మన మాస్ సినిమాలో హీరో తూటాల మధ్య నుంచి తీరిగ్గా నడిచొచ్చే సీను ఉంటుందే, అది ఇక్కడ గేమ్ పొడవునా మీ చేతిలో ఉంటుంది.

పోలండ్‌కు చెందిన టేయాన్ స్టూడియో తయారుచేసింది, నేకాన్ విడుదల చేసింది, 2023 నవంబర్‌లో వచ్చింది. పీసీ, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మీద ఆడుతుంది. పీఎస్4 ఉన్నవాళ్లు ఆశ వదులుకోవాలి. కథ 1990 నాటి రెండో రోబోకాప్ సినిమాకు, 1993 నాటి మూడో సినిమాకు మధ్య జరుగుతుంది. మొదటి రెండు సినిమాల్లో రోబోకాప్‌గా నటించిన పీటర్ వెల్లర్ స్వయంగా గొంతిచ్చాడు. ఆ పొడి గొంతు లేకపోతే ఈ గేమ్ విలువ సగం తగ్గేది.

రోబోకాప్ సొంత తుపాకీ ఆటో-9 పిస్టల్‌కు తూటాలు అయిపోవు. శత్రువుల దగ్గర పడిపోయిన తుపాకులు ఏరుకోవచ్చు కానీ వాటిలో ఉన్నన్ని తూటాలే దిక్కు. గేమ్ మధ్యకు వచ్చేసరికి వాటి అవసరం తగ్గిపోతుంది, కారణం ఆటో-9 లోపల బిగించే సర్క్యూట్ బోర్డులు. బోర్డు మీద చిప్‌లు పేర్చి కరెంటుకు దారి వేయాలి. ఆ దారి మంచి గడుల మీదుగా పోతే రీలోడ్ అక్కర్లేకపోవడం, ఆగకుండా కాల్చడం, కవచాన్ని చీల్చడం లాంటి వరాలు దక్కుతాయి. ఎర్ర గడిని తాకితే ఏదో ఒక గుణం పడిపోతుంది. చాలామంది చేసే పొరపాటు, పెద్ద నంబరు చూపే చిప్‌ను ముందు పెట్టేసి దారి తర్వాత చూసుకోవడం. ముందు దారి గీయండి, ఏ వరం కావాలో తేల్చుకోండి, తర్వాతే చిప్ మార్చండి. మొదట పట్టాల్సింది రీలోడ్ లేకుండా చేసే వరాన్ని. కొత్త బోర్డు దొరకగానే పాతది తీసేయకండి. సగం ఖాళీగా ఉన్న మంచి బోర్డు కన్నా, నిండుగా పేర్చిన పాత బోర్డే కొన్నాళ్లు బాగా కాలుస్తుంది.

స్కిల్స్ ఎనిమిది, ఒక్కోదాన్నీ 10 దాకా పెంచవచ్చు. ఒక్క విడతలో అన్నీ నింపడానికి పాయింట్లు చాలవు. డిడక్షన్‌లో ముందుగా పెడితే మ్యాప్ మీద ఆధారాలు కనిపిస్తాయి, అనుభవం పాయింట్లు ఎక్కువొస్తాయి, అంటే మిగతా స్కిల్స్‌కు కావాల్సిన పెట్టుబడి అక్కడే పుడుతుంది. తర్వాత వైటాలిటీ: గోడ మీది ఫ్యూజ్ బాక్సుల నుంచి ఆరోగ్యం నింపుకోవచ్చు కాబట్టి వెంట ఉన్న రికవరీ ఛార్జ్‌లు (ఆరోగ్యం నింపేవి) మిగులుతాయి. ఇంజినీరింగ్‌తో శత్రువుల టరెట్లను (వాటంతటవే కాల్చే తుపాకులను) మనవైపు తిప్పుకోవచ్చు. స్కానింగ్‌తో గోడకు కొట్టి తూటాను మూల తిప్పే విద్య వస్తుంది, చూడ్డానికి భలేగా ఉంటుంది గానీ హడావిడిలో వాడేది తక్కువ.

నార్మల్ స్థాయిలో శత్రువుల తెలివి దాదాపు సున్నా. తల బయటపెట్టి, మీరు గురి చూసేదాకా ఓపిగ్గా ఆగుతారు. నేరుగా అంతకన్నా కష్టమైన స్థాయిలో మొదలుపెట్టండి. అప్పుడు స్నైపర్లు, గ్రెనేడ్‌లవాళ్లు మొదటి లెక్కలోకి వస్తారు, తూటాలను ఛాతీతో ఆపుకుంటూ నిలబడే ధీమా కాస్త తగ్గుతుంది. ఎడ్-209 రోబోలతో పోరు మాత్రం ఏ స్థాయిలోనైనా ఒకటే తంతు: స్తంభం చాటు, తూటాల వర్షం, మళ్లీ స్తంభం చాటు. ఇనుప దేహానికి చురుకు లేదు, ఎదుటిదానికీ లేదు, అందుకే అవి సాగతీతగా అనిపిస్తాయి.

కాల్పులు లేని భాగం ఊహించినదానికన్నా బాగుంది. స్టేషన్ కౌంటర్‌లో కూర్చుని ఫిర్యాదులు వినాలి, గోడ మీద రంగులు చల్లిన కుర్రాడికి జరిమానా వేయాలో మందలించి వదలాలో తేల్చాలి, అడ్డదిడ్డంగా ఆపిన కార్లకు చలాన్లు రాయాలి. బెంగళూరులో బండి పెట్టే చోటు కోసం చుట్టూ తిరిగేవాళ్లకు ఈ చలాన్ల పనిలో ఓ వింత తృప్తి దొరుకుతుంది. ఈ నిర్ణయాల ప్రభావం చివర్లో కనిపిస్తుంది. ఇబ్బందల్లా ఆ డౌన్‌టౌన్ (నగర నడిబొడ్డు) వీధులకే పదేపదే రావాలి, ఆ నడకతోనే రావాలి. ఇక మనుషుల ముఖాలు: వీధి దీపాల కింద తడి రోడ్లు అంత అందంగా ఉంటే, మాట్లాడే పెదవులు మాత్రం చెక్కబొమ్మలవి. మాటలకు గానీ సబ్‌టైటిల్స్‌కు గానీ తెలుగు లేదు.

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో గేమింగ్ లాప్‌టాప్‌తో ఆడేవాళ్లకు అసలు సంగతి ఇది. గేమ్ అన్‌రియల్ ఇంజిన్ 5 అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. కనీస అవసరం 16 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. సిఫారసు ఆర్‌టీఎక్స్ 3070. అక్కడ చెప్పిన 1650 డెస్క్‌టాప్ కార్డు, లాప్‌టాప్‌లో అదే పేరున్నది దానికన్నా నీరసం. ఫ్రేములు పడిపోతే రిజల్యూషన్ మీద పడకండి. సెట్టింగ్స్‌లో ముందు గ్లోబల్ ఇల్యూమినేషన్ (వెలుతురు లెక్క), తర్వాత రిఫ్లెక్షన్స్, ఆపై షాడోస్ తగ్గించండి, అప్పటికీ చాలకపోతే చిన్న బొమ్మను పెంచి చూపే ఎఫ్‌ఎస్‌ఆర్ లేదా డీఎల్‌ఎస్‌ఎస్ ఆన్ చేయండి. 4 జీబీ కార్డులో టెక్స్చర్స్ ఎక్కువ పెడితే ఫ్రేముల సగటు బాగానే చూపిస్తూ మధ్యమధ్యలో కుదుపుతుంది. హార్డ్ డిస్క్‌లో కాకుండా ఎస్‌ఎస్‌డీలోనే ఇన్‌స్టాల్ చేయండి, 51 జీబీ చోటు కావాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఎస్‌ఎస్‌డీ కొంటే బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం.

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపు ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. కాకపోతే మొదటి మిషన్ టీవీ స్టేషన్ గదుల్లో నడుస్తుంది, మెషీన్ మీద పడే బరువు అక్కడ తెలియదు. మీ మెషీన్ తట్టుకుంటుందో లేదో డౌన్‌టౌన్ వీధిలోకి అడుగుపెట్టాకే తేలుతుంది. కాబట్టి ఆ రెండు గంటల్లో మూలమూలా వెతక్కుండా నేరుగా అక్కడిదాకా వెళ్లి చూసుకోండి. పీఎస్5 ఉంటే ఈ తలనొప్పి లేదు, డిస్క్ కూడా దొరుకుతుంది, ఆడాక అమ్ముకోవచ్చు.

పూర్తి ధర పెట్టాల్సిన పని లేదు, సేల్‌లో తీసుకోండి. 2025 జూలైలో వచ్చిన తర్వాతి గేమ్ అన్‌ఫినిష్డ్ బిజినెస్‌కు మొదటి గేమ్ అక్కర్లేదు, విడిగానే ఆడుతుంది. కానీ అందులో కథ దాదాపు అంతా ఒకే భవనంలో అంతస్తులు ఎక్కడమే. చలాన్లు, ఫిర్యాదులు నచ్చి రెండోది కొందామనుకునేవాళ్లు ఆగండి. కాల్పులు మాత్రమే చాలనుకునేవాళ్లకు అదే ముందు కొనదగ్గది.